రాయి తగిలి లోయర్ ఆర్మ్ బ్రాకెట్లు వంగితే ఏం చేయాలి

మీరు చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇదీ సంగతి. లాడర్ ఛాసిస్ (నిచ్చెనలా రెండు పొడుగు పట్టాలు, మధ్య అడ్డ కడ్డీలు ఉండే చట్రం) ఉన్న ఫోర్ బై ఫోర్, ముందు డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్. ఆఫ్‌రోడ్‌లో ఎడమ ముందు చక్రం రాయికి గట్టిగా కొట్టుకుంది. చక్రాన్ని ఛాసిస్‌కి పట్టి ఉంచే రెండు ఆర్మ్‌లలో కిందిది, అంటే లోయర్ ఆర్మ్, వంగితే కొత్తది వేయించారు, దాన్ని చక్రం వైపు కలిపే బాల్ జాయింట్ కూడా మార్చారు. అయినా బండి ఎడమకు లాగుతోంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు ఫెండర్ వెనక అంచుకు రాసుకుంటోంది. అలైన్‌మెంట్ చేయిస్తే క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలే కోణం) రెండు వైపులా దాదాపు సమానంగా వచ్చింది కానీ క్యాస్టర్ (స్టీరింగ్ తిరిగే ఇరుసు ముందు వెనకలకు వాలే కోణం) ఎడమ 1.2 డిగ్రీలు, కుడి 3.0 డిగ్రీలు. ఈ కోణాలు సరిచేసే క్యామ్ బోల్టులు చివరిదాకా తిప్పినా అంతకంటే రావడం లేదు. ఒక మెకానిక్ గ్యాస్ పెట్టి కాల్చి సమ్మెటతో నాలుగు దెబ్బలు వేస్తే సరిపోతుందన్నాడు, ఇంకొకాయన ఛాసిస్సే మార్చాలన్నాడు.

ఇద్దరి మాటా ఇప్పుడే వినకండి. ఇద్దరూ కొలత లేకుండా చెబుతున్నారు. వంగింది బ్రాకెట్టా, బ్రాకెట్ వెనకున్న ఛాసిస్ గోడా, ఛాసిస్ మొత్తమా, లేక నకుల్ (రెండు బాల్ జాయింట్ల మధ్య ఉండి చక్రం హబ్‌ను మోసే భాగం) వంగిందా అన్నది తేలితే రిపేరు ఏమిటో దానంతట అదే తేలిపోతుంది. అది తేలకుండా మొదలుపెట్టిన పని మాత్రం బాగున్న చోట కూడా వంకర పెట్టి వదులుతుంది.

ముందు మీ అంకెలు ఏం చెబుతున్నాయో చూద్దాం. పై బాల్ జాయింట్ కంటే కింది బాల్ జాయింట్ ముందుకు ఉంటే పాజిటివ్ క్యాస్టర్. కిందిది వెనక్కి జరిగితే క్యాస్టర్ తగ్గుతుంది, తక్కువ క్యాస్టర్ ఉన్న వైపుకే బండి లాగుతుంది, మీకు జరుగుతున్నది అదే. రెండు వైపులకూ తేడా 1.8 డిగ్రీలు, మామూలుగా అర డిగ్రీ తేడా దాటితేనే స్టీరింగ్‌లో తెలుస్తుంది. రెండు బాల్ జాయింట్ల మధ్య ఎత్తు ఉజ్జాయింపుగా 300 మిల్లీమీటర్లు అనుకుంటే, 1.8 డిగ్రీలంటే కింది బాల్ జాయింట్ దాదాపు 9 మిల్లీమీటర్లు వెనక్కి ఉందన్నమాట. మీ బండిలో ఆ ఎత్తు ఎంతో టేపు పెట్టి చూసుకుని లెక్క సరిచేసుకోండి. ఈ 9 మిల్లీమీటర్లు ఎక్కడ పోయాయో వెతకడమే అసలు పని.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. చక్రం రాయికి తగిలినప్పుడు బలం బాల్ జాయింట్ దగ్గర వెనక్కి నెడుతుంది. లోయర్ ఆర్మ్ ఛాసిస్‌కి రెండు చోట్ల పట్టుకుని ఉంటుంది, ముందు బ్రాకెట్, వెనక బ్రాకెట్. బయటి కొసను వెనక్కి నెడితే ఆ ఆర్మ్ మొత్తం తిరగాలని చూస్తుంది, దాంతో ముందు బ్రాకెట్‌ను బయటికి లాగుతుంది, వెనక బ్రాకెట్‌ను ఛాసిస్ లోపలికి తోస్తుంది. అంటే దెబ్బ ఒకటే అయినా రెండు బ్రాకెట్లూ ఒకదానికొకటి వ్యతిరేక దిశల్లో జరుగుతాయి. ముందుది 4 మిల్లీమీటర్లు బయటికి, వెనకది 4 మిల్లీమీటర్లు లోపలికి జరిగాయనుకోండి, బ్రాకెట్ల మధ్య దూరం 350, ఆర్మ్ పొడవు 400 ఉన్న బండిలో బాల్ జాయింట్ సరిగ్గా 9 మిల్లీమీటర్ల చిల్లర వెనక్కి పోతుంది. చూడ్డానికి నాలుగు మిల్లీమీటర్లు కంటికి ఆనవు కాబట్టి కింద పడుకుని టార్చ్ వేసి చూసిన మెకానిక్ "బ్రాకెట్ బాగానే ఉంది" అంటాడు.

మీ క్యాంబర్ పెద్దగా మారకపోవడం కూడా దీనికి సరిపోతోంది. ముందు బ్రాకెట్ ఒక్కటే బయటికి వచ్చి ఉంటే బాల్ జాయింట్ వెనక్కి పోవడంతో పాటు కొంచెం బయటికి కూడా రావాలి, అప్పుడు క్యాంబర్ నెగటివ్ వైపు పోవాలి. ఒకటి బయటికి, ఒకటి లోపలికి పోతే పక్క కదలిక ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, క్యాస్టర్ మాత్రమే పోతుంది. అయితే మీ షీట్‌ను నేను పూర్తిగా నమ్మను, ఎందుకంటే అలైన్‌మెంట్ కుర్రాడు క్యామ్ బోల్టులు తిప్పి క్యాంబర్‌ను లాక్కొచ్చి ఉంటాడు. అందుకే మొదటి పని: నాలుగు క్యామ్‌లనూ వాటి మధ్య గీత మీద పెట్టి, రెండు వైపులా ఒకేలా ఉంచి, ఏమీ సరిచేయకుండా కేవలం కొలిచి ప్రింట్ తీయమనండి. సరిచేసిన షీట్‌లో డ్యామేజీ దాక్కుంటుంది.

అదే ప్రింట్‌లో ఎస్ఏఐ (స్టీరింగ్ ఇరుసు లోపలివైపుకి వాలే కోణం), ఇంక్లూడెడ్ యాంగిల్ కూడా అడగండి. చాలా మిషన్లు కొలుస్తాయి కానీ అడగందే ప్రింట్ ఇవ్వరు. ఎస్ఏఐకి క్యాంబర్ కలిపితే వచ్చేది ఇంక్లూడెడ్ యాంగిల్, అది నకుల్ ఒక్కదాని మీదే ఆధారపడి ఉంటుంది. ఎడమ కుడి రెండూ ఒకేలా ఉంటే నకుల్ బాగుందని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. తేడా ఉంటే మాత్రం బ్రాకెట్ జోలికి వెళ్లే ముందు నకుల్ మార్చండి. నకుల్‌ను వంచి సరిచేస్తామని ఎవరన్నా అంటే అక్కడి నుంచి బండి తీసేయండి.

తర్వాత వీల్‌బేస్. స్టీరింగ్ సూటిగా పెట్టి రెండు వైపులా ముందు హబ్ మధ్య నుంచి వెనక హబ్ మధ్యకు కొలవండి. ఎడమవైపు తక్కువ వస్తే కింది ఆర్మ్ వెనక్కి పోయినట్టు. ఒకవేళ ఎక్కువ వస్తే కథ వేరు, పై ఆర్మ్ మౌంట్ ముందుకు జరిగి క్యాస్టర్ పోయిందన్నమాట. మీకు టైరు వెనక అంచుకు రాసుకుంటోందంటే మొదటిదే అయ్యుంటుంది కానీ కొలిచి చూసుకోండి. ఇది కొలిచే ముందు వెనక యాక్సిల్ సూటిగా ఉందో లేదో చూడాలి. వెనక లీఫ్ స్ప్రింగులైతే సెంటర్ బోల్టు తెగి యాక్సిల్ పట్టీల మీద కాస్త జరిగిపోవడం ఆఫ్‌రోడ్ బండ్లలో మామూలే. అది పట్టించుకోకుండా ముందు ఛాసిస్ లాగించుకున్నవాళ్లూ ఉన్నారు.

ఇప్పుడు ఛాసిస్ కొలతలు. దీనికి పెద్ద మిషన్ అక్కర్లేదు, చదునైన గచ్చు, నాలుగు స్టాండ్లు, మేస్త్రీలు వాడే తూకం గుండు, సుద్దముక్క, స్టీలు టేపు చాలు. బండిని ఛాసిస్ కింద స్టాండ్ల మీద కదలకుండా కూర్చోబెట్టి, రెండు వైపులా ఒకేలా ఉండే ఫ్యాక్టరీ రంధ్రాలు ఎంచుకోండి. బాడీ మౌంట్ దగ్గరివి, క్రాస్ మెంబర్ దగ్గరివి, ముందు వెనక బ్రాకెట్ బోల్టుల మధ్యలు. ఒక్కోదాని నుంచి గుండు వేలాడదీసి కింద గుర్తు పెట్టుకోండి. బండి పక్కకు తీశాక గచ్చు మీద ఛాసిస్ బొమ్మ మొత్తం చుక్కలుగా మిగులుతుంది. ముందు వెనకల మధ్యలు కలుపుతూ ఒక సెంటర్ గీత గీసి, ప్రతి చుక్క ఆ గీతకు ఎంత దూరంలో ఉందో ఎడమ కుడి పోల్చండి, తర్వాత కర్ణాలు, అంటే డయాగొనల్స్, మూల నుంచి ఎదుటి మూలకు కొలవండి. బ్రాకెట్లు వదిలేసి మిగతా ఛాసిస్ రంధ్రాలన్నీ రెండు మూడు మిల్లీమీటర్ల లోపు సరిపోతే ఛాసిస్ బాగున్నట్టే. బ్రాకెట్ చుక్కలు మాత్రమే తప్పితే మీ అదృష్టం బాగున్నట్టు. డయాగొనల్స్ రెండింటికీ మధ్య ఎక్కువ తేడా ఉంటే, లేదా ఎడమ పట్టా ముందు కొస మొత్తం వెనక్కి జరిగి ఉంటే, ఇక కింద నేను చెప్పేదేదీ మీ షెడ్‌లో చేసే పని కాదు, ఛాసిస్ బెంచ్, అంటే ఛాసిస్‌ను బిగించి లాగే మిషన్, ఉన్న చోటికే పోవాలి. ఎత్తులు కూడా మర్చిపోవద్దు, గచ్చు నుంచి ఎడమ బ్రాకెట్ బోల్టు, కుడి బ్రాకెట్ బోల్టు ఎత్తు కొలిచి రాసుకోండి, దాని అవసరం తర్వాత చెబుతాను.

కొలతలయ్యాక ఆర్మ్ విప్పి బ్రాకెట్‌ను శుభ్రం చేసి దగ్గరగా చూడండి. వైర్ బ్రష్‌తో మట్టి, అండర్‌కోటింగ్ తీసేయండి. పెయింట్ సన్నటి గీతల్లా లేచిన చోట లోహం సాగింది అని గుర్తు. వెల్డు పక్కన తుప్పు రంగు సన్నటి దారంలా కనిపిస్తే అది పగులే అనుకోండి, కాదని తేలేవరకు. డై పెనెట్రెంట్ స్ప్రే దొరుకుతుంది, ఎర్ర రంగు కొట్టి తుడిచి పైన తెల్ల డెవలపర్ కొడితే పగులున్న చోట ఎర్రగీత పైకి వస్తుంది, బ్రాకెట్ పని చేసే ప్రతివాళ్ల దగ్గరా ఉండాల్సిన వస్తువది. అలాగే ఒక స్టీలు స్కేలును బ్రాకెట్ పైనా కిందా ఛాసిస్ గోడకు ఆనించి వెనక నుంచి లైటు పెట్టి చూడండి. ముందు బ్రాకెట్ దగ్గర గోడ బయటికి ఉబ్బి, వెనక బ్రాకెట్ దగ్గర లోపలికి సొట్ట పడి కనిపించే అవకాశం చాలా ఎక్కువ. బ్రాకెట్ రేకు మందంగా ఉంటుంది, దాని వెనకున్న బాక్స్ సెక్షన్ గోడ అంతకంటే పల్చగా ఉండటం మామూలే, కాబట్టి బ్రాకెట్ ఆకారం చెక్కుచెదరకుండా గోడతో సహా కదిలిపోతుంది. అప్పుడు బ్రాకెట్‌ను ఎంత కొట్టినా ఏమీ రాదు, వంగింది అది కాదు కదా.

ఇక గ్యాస్ పెట్టి కాల్చే సంగతి. ఈ మధ్య వచ్చే ఛాసిస్‌లు చాలావరకు హై స్ట్రెంగ్త్ స్టీలు, దాని బలం ఫ్యాక్టరీలో చేసిన రోలింగ్, కూలింగ్ నుంచి వచ్చింది. ఎర్రగా కాలిస్తే ఆ బలం పోతుంది, తిరిగి రాదు. చాలా కంపెనీల రిపేర్ మాన్యువల్స్‌లో ఛాసిస్ వేడి చేయొద్దని రాసి ఉంటుంది, మీ బండి మాన్యువల్ తీసి చూడండి. ఎర్రగా కాల్చకుండా కొంచెం వెచ్చబెట్టి కొడదాం అనేవాళ్లు ఇంకా ప్రమాదం. ఉక్కు 200 నుంచి 370 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు, అంటే పైన నీలం రంగు పూసే వేడిలో, మెత్తబడదు సరికదా పెళుసవుతుంది. ఆ వేడిలో సమ్మెట దెబ్బ పడితే లోపల పగులు మొదలవుతుంది, పైకి మాత్రం బ్రాకెట్ చక్కగా సూటిగా కనిపిస్తుంది. ఆపైన నీళ్లు పోసి చల్లార్చారంటే ఇక చెప్పక్కర్లేదు. వంపు తక్కువైతే చల్లగా ఉండగానే లాగాలి. చల్లగా లాగితే రాదు, పగులుతుంది అనిపించేంత వంపు ఉంటే అది లాగే పని కాదు, కోసి కొత్త బ్రాకెట్ వేసే పని.

లాగడానికి ముందు బ్రాకెట్ రెండు చెవుల (బోల్టు రంధ్రాలున్న రెండు రేకుల) మధ్య బుష్ (ఇనుప గొట్టం చుట్టూ రబ్బరు ఉండే ఆర్మ్ కొస) ఉండే చోట అంతే పొడవున్న మందపాటి గొట్టం ముక్క పెట్టి, లోపల నుంచి మంచి బోల్టు వేసి బిగించండి. లేకపోతే చైన్ లాగే బలానికి చెవులు మూసుకుపోతాయి. కొత్త ఆర్మ్‌ను పట్టుకుని లాగనే లాగొద్దు, దాన్నీ వంచుకుంటారు, బుష్ రబ్బరూ తెగుతుంది.

దెబ్బ ఏ దారిన వచ్చిందో అదే దారిన వెనక్కి పంపాలి. మీ కేసులో ముందు బ్రాకెట్ లోపలికి రావాలి, వెనక బ్రాకెట్ బయటికి పోవాలి. ముందుదాన్ని ఎదుటి పట్టా వైపు చైన్‌తో లాగడం, వెనకదాన్ని ఎదుటి పట్టా నుంచి హైడ్రాలిక్ పోర్టా పవర్‌తో (చేతి పంపు కొట్టి నడిపే జాకీ) నెట్టడం, వీలైతే రెండూ ఒకేసారి కొంచెం కొంచెంగా. ఎదుటివైపు ఆనించేది అక్కడి సస్పెన్షన్ బ్రాకెట్‌కి కాదు, మందపాటి ప్లేటు, గట్టి చెక్క దిమ్మ పెట్టి పట్టా మీద వెడల్పుగా ఆనించాలి. ఎడమ సరిచేయబోయి కుడి బ్రాకెట్ వంచుకున్న బండ్లు నా దగ్గరికి వచ్చాయి, అప్పుడు పోల్చుకోవడానికి బాగున్న వైపు కూడా మిగలదు. చైన్ లోడ్ రేటింగ్ ఉన్నదే వాడండి, దాని మీద పాత దుప్పటి కప్పండి, లాగుతున్నప్పుడు చైన్ గీతకు ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. తెగిన చైన్ ఎటు వస్తుందో చూసే టైం ఉండదు.

ఎంత లాగాలి అంటే, కొలత వచ్చేవరకు కాదు, కొలత దాటి కొంచెం. ఉక్కు వదిలేయగానే వెనక్కి స్ప్రింగ్ అవుతుంది. పంపు కొట్టి రెండు మిల్లీమీటర్లు లాగి, వంపు చుట్టూ చిన్న సుత్తితో చెక్కముక్క అడ్డం పెట్టి తడుతూ ఒక నిమిషం అలాగే ఉంచి, పూర్తిగా వదిలి కొలవండి. ఎంత మిగిలిందో రాసుకుని మళ్లీ ఇంకాస్త. తొందరపడి ఒకేసారి లాగి, ఎక్కువైందని మళ్లీ ఇటు నెట్టి, మళ్లీ అటు లాగితే ఇనుప తీగను అటూ ఇటూ వంచి తెంపినట్టే అవుతుంది. ఒకే దిశలో నెమ్మదిగా వచ్చి ఆగాలి. ప్రతి లాగుడు తర్వాత వెల్డు అంచులు చూడండి, పగులు గీత కనిపిస్తే ఆపేయండి.

బ్రాకెట్లు స్థానంలోకి వచ్చాయా లేదా అన్నది కంటితో తేల్చేది కాదు. బోల్టు సైజులో నిటారుగా ఉన్న గుండ్రటి రాడ్డు ఒకటి, రెండు బ్రాకెట్లూ దాటేంత పొడుగు, సంపాదించండి. క్యామ్ బోల్టు ఉన్న చోట రంధ్రం అడ్డంగా సాగి ఉంటుంది కనుక రాడ్డు సరిగ్గా మధ్యలో కూర్చునేలా లేత్ మీద చిన్న బుష్షులు తిప్పించుకోవాలి. ముందు బ్రాకెట్ రెండు చెవులు, వెనక బ్రాకెట్ రెండు చెవులు, నాలుగింటిలోంచీ ఆ రాడ్డు చేత్తో నెడితే జారాలి. సుత్తి పట్టాల్సి వచ్చిందంటే ఇంకా తేడా ఉన్నట్టే. రాడ్డు దూరాక దాని ముందు కొస, వెనక కొస సెంటర్ గీతకు ఎంత దూరమో కొలిచి కుడివైపుతో పోల్చండి. ఆర్మ్ వెనక బుష్ నిలువుగా ఉండే డిజైన్లలో ఈ రాడ్డు పద్ధతి పనిచేయదు, అక్కడ బోల్టు మధ్యల కొలతలే ఆధారం.

చెవుల గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే రిపేరు బాగా చేసి ఇక్కడ పాడుచేసుకుంటారు. బుష్ లోపల ఉన్న ఇనుప గొట్టాన్ని రెండు చెవులూ రెండు పక్కల నుంచి గట్టిగా నొక్కి పట్టుకోవాలి, ఆ పట్టు వల్లే ఆర్మ్ స్థానం కదలకుండా ఉంటుంది. బోల్టు పని ఆ నొక్కుడు ఇవ్వడమే. దెబ్బకు చెవులు విచ్చుకుని బుష్‌కీ చెవికీ మధ్య రెండు మిల్లీమీటర్ల సందు ఉందనుకోండి, టార్క్ రెంచ్ టిక్కుమంటుంది, మీరు సంతోషిస్తారు, కానీ ఆ టార్క్‌లో చాలా భాగం వంగిన చెవులను దగ్గరికి లాగడానికే ఖర్చయిపోయింది. బుష్ గొట్టం మీద పట్టు ఉండదు. నాలుగు గుంతలు దిగేసరికి గొట్టం కదలడం, టక్ టక్ శబ్దం, రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి రావడం వరుసగా జరుగుతాయి. చెవులు మూసుకుపోయి ఉంటే వాటి మధ్య ఫుల్ త్రెడ్ రాడ్డు, లోపలివైపు రెండు నట్లు, మందపాటి వాషర్లు పెట్టి స్పానర్‌తో నెమ్మదిగా విప్పండి. విచ్చుకుని ఉంటే అదే రాడ్డుకి నట్లు బయట పెట్టి మూయండి. బోల్టు బిగించకముందే బుష్ చేతి బలంతో, కొంచెం బిగుతుగా, సందు లేకుండా కూర్చోవాలి, అదే పరీక్ష. క్యామ్ వాషర్‌ను పట్టుకునే చిన్న అంచులు చెవి మీద ఉంటాయి, అవి నలిగితే ఎంత అలైన్‌మెంట్ చేసినా కొన్ని రోజుల్లో క్యామ్ జారిపోతుంది.

రంధ్రం ఇప్పటికే సాగిపోయి ఉంటే దాన్ని వెల్డుతో నింపి మళ్లీ డ్రిల్ చేసే పద్ధతి నాకు నచ్చదు. సరైన రంధ్రం ఉన్న మందపాటి వాషర్ ప్లేటును రాడ్డు మీద సెంటర్ చేసి చెవికి వెల్డు చేయడం మేలు, అయితే బుష్ వైపు కాదు, బయటివైపు, లేకపోతే సందు కొలత మారుతుంది.

పగులు ఉంటే, లేదా రేకు పదునుగా మడత పడి ఉంటే, కోసేయడమే. కొత్త బ్రాకెట్ విడిగా దొరికే బండ్లున్నాయి, దొరక్కపోతే అదే మందం ప్లేటుతో చేయించాలి. పాతది కోసేముందే రాడ్డు ఎక్కడ ఉండాలో చెప్పే జిగ్ తయారుగా ఉండాలి, బాగున్న వైపు కొలతలతో. చాలామంది ముందు కోసి తర్వాత ఆలోచిస్తారు. గ్రైండర్‌తో వెల్డు మాత్రమే తీయాలి, ఛాసిస్ గోడలోకి దిగకూడదు. గోడలో పగులు ఉంటే దాని రెండు చివర్లా 3 మిల్లీమీటర్ల రంధ్రం వేసి ఆపి, వీ ఆకారంలో గాడి తీసి వెల్డు చేయాలి. పైన ప్లేటు వేస్తే దాని చివరలు నిలువుగా తెగ్గొట్టినట్టు ఉండొద్దు, డైమండ్ ఆకారంలో సన్నబడుతూ పోవాలి, పట్టా పైఅంచుకీ కిందిఅంచుకీ అడ్డంగా వెల్డు గీత అస్సలు పడకూడదు. పట్టా వంగేటప్పుడు ఎక్కువ ఒత్తిడి పడేది ఆ అంచుల మీదే, కొత్త పగులు అక్కడి నుంచే మొదలవుతుంది.

వెల్డర్ పనితనం మీదే మీ ప్రాణం ఆధారపడుతుంది కాబట్టి గేటుకీ కిటికీకీ వెల్డు చేసే కుర్రాడికి ఇవ్వకండి. మిగ్ వెల్డింగ్ (తీగ దానంతట అదే వచ్చేది) అయితే మంచిది, వెల్డింగ్ రాడ్డు అయితే 7018 రకం, అది కూడా ఓవెన్‌లో ఆరబెట్టినది, తడి పీల్చిన 7018 వాడితే వెల్డు పక్కన పగుళ్లొస్తాయి. ముందు నాలుగు టాకులు (చుక్క వెల్డులు) వేసి కొలత రాడ్డు జారుతోందా చూసి, తర్వాత అటు కొంచెం ఇటు కొంచెం వేస్తూ చల్లారనిస్తూ పోవాలి. ఒకేసారి చుట్టేస్తే వేడికి బ్రాకెట్ మళ్లీ లాక్కుపోతుంది, మీరు కష్టపడి తెచ్చిన మిల్లీమీటర్లు పోతాయి. బ్యాటరీ విప్పాలి, ఈసీయూ (బండి కంప్యూటర్) కనెక్టర్లు తీయాలి, ఎర్త్ క్లాంపు వెల్డు పక్కనే ఉండాలి, హబ్ మీద పెడితే కరెంటు బేరింగ్‌లోంచి పోయి దాన్ని పాడుచేస్తుంది. బ్రేకు హోసులు, పెట్రోలు లైన్లు దూరం చేయాలి. ఇంకొకటి, శుభ్రం చేయడానికి క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ కొట్టి, ఆరకముందే వెల్డు పెడితే ఫాస్జీన్ అనే విషవాయువు వస్తుంది. ఇది బెదిరింపు కాదు, నిజంగా ఊపిరితిత్తులు పోతాయి. డబ్బా మీద రాసింది చదవండి, అనుమానముంటే సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి.

మీకు కొందరు ఆఫ్‌సెట్ బుష్షులు, అడ్జస్టబుల్ పై ఆర్మ్ వేసుకోమని చెప్పే ఉంటారు. అర డిగ్రీ కోసం అయితే సరే. 1.8 డిగ్రీల కోసం అంటే వంకరను అలాగే ఉంచి షీట్ మీద అంకె మార్చుకోవడం. వంకరగా ఉన్న బ్రాకెట్ల మధ్య ఆర్మ్ పైకీ కిందికీ కదిలిన ప్రతిసారీ బుష్ మెలి తిరుగుతుంది, తొందరగా చిరిగిపోతుంది. ఇందాక రాసుకోమన్న ఎత్తు కొలత అవసరం ఇక్కడే. లోపలి పివట్ (బ్రాకెట్ బోల్టు) ఎత్తులో కుడికీ ఎడమకీ తేడా ఉంటే నిలబడి ఉన్న బండికి టో (చక్రాల ముందుభాగం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సరిగ్గానే చూపిస్తుంది, గుంతలో చక్రం పైకి లేచినప్పుడు మాత్రం ఒకవైపు టో మారిపోతుంది. దాన్ని పట్టుకోవాలంటే స్ప్రింగ్ తీసేసి, అదీ సరైన స్ప్రింగ్ కంప్రెసర్‌తోనే, చక్రాన్ని జాకీతో పైకీ కిందికీ కదుపుతూ టో ఎంత మారుతోందో రెండు వైపులా పోల్చాలి. ఇది చేసేవాళ్లు తక్కువ. రిపేరు తర్వాత సూటి రోడ్డు మీద బాగా పోయి గతుకుల్లో అటూ ఇటూ కొట్టే బండ్లకు కారణం ఎక్కువగా ఇదే.

అన్నీ బిగించేటప్పుడు బోల్టులు, నట్లు కొత్తవి వేయండి. ఆర్మ్ బుష్ బోల్టుల చివరి టార్క్ బండి చక్రాల మీద నిలబడి మామూలు ఎత్తులో ఉన్నప్పుడే ఇవ్వాలి. జాకీ మీద చక్రం వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు బుష్ అక్కడికే అతుక్కుని, బండి దించగానే మెలిపడి ఉండిపోతుంది. టార్క్ ఎంతో మాన్యువల్‌లో చూడండి, నేను ఇక్కడ అంకె రాస్తే అది మీ బండిది కాకపోవచ్చు. బిగించాక నట్టుకీ బ్రాకెట్‌కీ కలిపి పెయింట్ గీత గీయండి, కదిలితే తెలుస్తుంది. ఓ 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ టార్క్ చూసి, వెల్డు అంచులు కూడా ఒకసారి చూడండి. ప్రైమర్, పెయింట్, బాక్స్ లోపల వ్యాక్స్ స్ప్రే సరేసరి, లోపల కాలిన చోట తుప్పు ముందు పడుతుంది.

బ్రాకెట్ చుట్టూ ఇంకా ప్లేట్లు వేసి బలం చేద్దామా అని అడుగుతారేమో. కొంచెం గస్సెట్ (మూలకు బలమిచ్చే చిన్న ప్లేటు) వేయొచ్చు. కానీ బ్రాకెట్‌ను కదలని బండరాయిలా చేస్తే తర్వాతి దెబ్బకు ఆర్మ్ బదులు ఛాసిస్ పట్టా వంగుతుంది. ఆర్మ్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

ఛాసిస్ మార్చమన్నాయన మాట తప్పు అనను, పట్టాలో ముడత పడి ఉంటే, పాత వెల్డులు, తుప్పు కలిసి ఉంటే ఆయనే కరెక్టు. కొలతలొచ్చే వరకు ఆ నిర్ణయం ఆపండి. క్యామ్‌లు మధ్యలో పెట్టి తీసిన ప్రింట్, రెండు వైపుల వీల్‌బేస్, డయాగొనల్స్, నాలుగు బ్రాకెట్ బోల్టులకూ సెంటర్ గీత నుంచి దూరం, ఎత్తు, ఇవి పెట్టండి. స్కేలు ఆనించి వెనక లైటు పెట్టిన ఫోటోలు రెండు బ్రాకెట్లవీ కావాలి, ముందు బ్రాకెట్‌ది పైనుంచి కూడా ఒకటి తీయండి. అప్పటిదాకా బండి నడపాల్సి వస్తే నెమ్మదిగా, దగ్గరికి మాత్రమే. ఎడమ బ్రాకెట్ నుంచి టక్ మని శబ్దం వచ్చిందంటే అక్కడే ఆపి వేరే బండితో లాగించుకెళ్లండి.